బరంపురం నుంచి రెండు రోజుల కారు ప్రయాణం: రాత్రికి పర్లాకిమిడిలో ఆగండి, మహేంద్రగిరి ఈసారికి వదిలేయండి

బరంపురంలో కొత్తగా ఉద్యోగంలో చేరాం, నలుగురు స్నేహితులం, గోపాలపూర్, చిలికా చూసేశాం, శనివారం పొద్దున కారులో బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా చిన్న ఊళ్ల మీదుగా ఏదైనా రూట్ చెప్పండి అన్నారు. మీలో ఎవరికీ ఒడియా రాదు, ఇబ్బందా అని కూడా అడిగారు.

నేను పుట్టి పెరిగింది బరంపురంలోనే. మీకు చెప్పబోయే రూట్‌లో మా కాలేజీ బ్యాచ్ నలుగురం రెండుసార్లు తిరిగాం. మొదటిసారి అత్యాశకు పోయి చెడగొట్టుకున్నాం. రెండోసారి కుదిరింది. వెళ్లేటప్పుడు దిగపహండి, తప్తపాణి, చంద్రగిరి, ఆర్. ఉదయగిరి మీదుగా పర్లాకిమిడి. వచ్చేటప్పుడు పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా ఇల్లు. పోయేదంతా కొండదారి, వచ్చేది సగానికి పైగా నేషనల్ హైవే. ఈ వరస తిరగేయకండి. ఆదివారం అలిసిపోయిన డ్రైవర్‌కి సాయంత్రం పూట ఘాట్ రోడ్డు అప్పగించడం మంచిది కాదు. పైగా ఆ అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి, చీకటి పడేలోగా కొండ దిగిపోవాలి.

ఆరింటికల్లా బయల్దేరండి. దిగపహండిలో రోడ్డు పక్క బండి దగ్గర బరా, ఘుగుని తినండి. మన గారెకీ బఠాణీ కూరకీ పెళ్లి చేసినట్టుంటుంది. తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ వేడినీటి బుగ్గ ఉంది, దగ్గరికి వెళ్తుంటేనే గంధకం వాసన తెలుస్తుంది. దాని దగ్గర అరగంట చాలు. స్నానం పెట్టుకుంటే మాత్రం గంటన్నర ఎగిరిపోతుంది, మాకు ఎగిరిపోయింది.

చంద్రగిరిలో మాత్రం టైమ్ ఇవ్వండి. 1963లో ఇక్కడికి టిబెట్ శరణార్థులు వచ్చి స్థిరపడ్డారు. చలికాలంలో బరంపురం రోడ్ల పక్కన స్వెటర్లు అమ్మే టిబెట్ వాళ్లని చూసే ఉంటారు. జిరంగ దగ్గర పద్మసంభవ మహావిహారం కట్టారు, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మొక్కజొన్న చేల మధ్య నుంచి వెళ్తుంటే ఒక్కసారిగా బంగారు రంగు కప్పు కనిపిస్తుంది. మా వాడొకడు, ఏ గుడికి తీసుకెళ్లినా బయట చెప్పుల దగ్గరే నిలబడిపోయే రకం, లోపల అరగంట కదలకుండా కూర్చున్నాడు. ఎందుకురా అంటే చల్లగా ఉంది అన్నాడు. మధ్యాహ్నం అక్కడే తుక్పా (టిబెట్ వాళ్ల నూడుల్స్ సూప్), మోమోలు తినేయండి. తర్వాత పర్లాకిమిడి దాకా సరైన భోజనం దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఇక మహేంద్రగిరి. ఎత్తు 1501 మీటర్లు. పైన భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో పాత రాతిగుళ్లు ఉన్నాయి, శివరాత్రికి జనం విరగబడతారు. మ్యాప్‌లో చూస్తే దారిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. కొండ మొదట్లోకి చేరేసరికే సాయంత్రం నాలుగు. నిటారు దారి, సగంలో క్లచ్ మాడిన వాసన, అప్పుడే పొగమంచు దిగింది. ముందు బండి లేదు, వెనక బండి లేదు. కారు తిప్పుకోవడానికి చోటు వెతుక్కుంటూ ఒకడు దిగి సెల్‌ఫోన్ లైటుతో ముందు నడిచాడు. గుడి లేదు, శిఖరం లేదు, చూసింది తెల్లటి గోడలాంటి మంచు. పర్లాకిమిడి చేరేసరికి రాత్రి పది. పెళ్లిళ్ల సీజన్, ఏ లాడ్జిలోనూ గది లేదు. చివరికి ఒకడి మేనత్త ఇంటి తలుపు తట్టాం. ఆవిడ ముందు తిట్టింది, "ఏట్రా, కొండెక్కడానికి ఇదా టైము" అని. ఆ తర్వాత వేడి చారు పెట్టి అన్నం పెట్టింది. మీకు ఆ ఊళ్లో మేనత్త ఉండకపోవచ్చు, గది ముందే బుక్ చేసుకోండి. మహేంద్రగిరికి విడిగా ఒక రోజంతా పెట్టుకుని పొద్దున్నే ఎక్కండి.

పర్లాకిమిడిలో గజపతుల రాజమహల్ ఉంది, మహేంద్రతనయ ఒడ్డున బృందావన్ ప్యాలెస్ ఉంది. కానీ నన్ను అడిగితే ఆదివారం పొద్దున ఊళ్లో ఊరికే నడవండి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసిన ఊరు ఇది. ఇక్కడే సవరల భాష నేర్చుకున్నారు, వ్యావహారిక భాష కోసం ఇక్కడి నుంచే పోట్లాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిస్తే, ఆ బాధతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మరోపక్క, ఆ ఒడిశా రాష్ట్రం కోసం పాటుపడి 1937లో దానికి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) అయిన కృష్ణచంద్ర గజపతి గారిదీ ఇదే ఊరు. ఇద్దరి మాటా ఇంకా ఆ వీధుల్లో వినిపిస్తుంది. టీ కొట్టు దగ్గర ఒకాయన తెలుగులో మొదలుపెట్టిన వాక్యం ఒడియాలో ముగిస్తాడు. కొమ్ముతో చేసిన బొమ్మలు, దువ్వెనలు ఈ ఊరి ప్రత్యేకత. కొనేది ఉంటే ఇక్కడే కొనండి.

ట్యాంకు కూడా ఇక్కడే నింపుకోండి. కొన్నేళ్లుగా పెట్రోలు ఒడిశాలో కంటే ఆంధ్రాలో బాగా ఖరీదు. ఊరు దాటిన కాసేపటికే పాతపట్నం వచ్చేస్తుంది, అంటే ఆంధ్రా. నీలమణి దుర్గ అమ్మవారి గుడి అక్కడే. పొద్దున త్వరగా తెమిలితే శ్రీముఖలింగం వైపు తిరిగి, వంశధార ఒడ్డున తూర్పు గాంగుల కాలం నాటి మధుకేశ్వరాలయం చూసి హైవే ఎక్కొచ్చు. ఆలస్యమైతే నేరుగా టెక్కలి. పలాసలో జీడిపప్పు కొనేటప్పుడు వంటకైతే బద్ద (విడిపోయిన పప్పు) తీసుకోండి, గుండు (విడిపోని పప్పు) కంటే చవక. అక్కడి నుంచి సోంపేట, కంచిలి దాటేదాకా ఉద్దానం కొబ్బరితోటలు కనిపిస్తూనే ఉంటాయి. చీకటి పడేలోగా ఇచ్ఛాపురం దాటితే రాత్రి భోజనం ఇంట్లోనే.

భాష సంగతి. తప్తపాణి, చంద్రగిరి దగ్గర ఒడియా కావాలి, హిందీతో నెట్టుకు రావచ్చు. బోర్డులు చదవలేకపోతే మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి, కొండల్లో సిగ్నల్ పోతుంది. పర్లాకిమిడిలో మాత్రం ఒడియా రాదని మొహమాటపడకండి. మా వాడు అక్కడ పదినిమిషాలు తంటాలు పడి వచ్చీరాని ఒడియాలో దారి అడిగితే, అవతలాయన ఓపిగ్గా అంతా విని, "తెలుగోళ్లేనా బాబూ, ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు.