మిషన్ ఆగితే ఎవరిని పిలుస్తారు?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు మెయింటెనెన్స్ చేసి రిటైరైన ఫోర్‌మన్

ప్రశ్న: అన్నా, పంతొమ్మిదేళ్లుగా గ్యాంగ్‌సా మీద చేస్తున్నా. వయసు నలభై నాలుగు, చదివింది ఎనిమిదో తరగతి. మా ఓనరు మల్టీవైర్ మిషన్ తెప్పిస్తున్నాడు. షిఫ్టుకు ఆరుగురం చేసే చోట ఇద్దరు చాలంటున్నారు. ఇప్పుడే వేరే దారి చూసుకోవాలా, ఉండాలా?
– ఒక ఆపరేటర్, చీమకుర్తి

జవాబు: తమ్ముడూ, ఆరుగురి పని ఇద్దరితో అవుతుందన్నది అబద్ధం కాదు. అది ముందు ఒప్పుకుందాం. గ్యాంగ్‌సాలో ఉక్కు బ్లేడ్లు ఉయ్యాల ఊగినట్టు ముందుకీ వెనక్కీ పోతుంటాయి, పైనుంచి ఉక్కు రవ్వ, సున్నం, నీళ్లు కలిపిన స్లరీ పడుతుంటుంది. రాయిని కోసేది బ్లేడు కాదు, దాని కింద నలిగే రవ్వ అని నీకు నేను చెప్పాలా? అందుకే గెలాక్సీ (మన నల్ల గ్రానైట్) బ్లాకు ఎక్కిస్తే రోజులు పట్టేది. స్లరీ చిక్కనైతే పలచన చేయడం, పలచనైతే రవ్వ కలపడం, బ్లేడు పక్కకు పోతోందేమో చూడటం, అంతా మనుషుల పని. మల్టీవైర్‌లో డైమండ్ పూసలు గుచ్చిన వైర్లు పదుల సంఖ్యలో పక్కపక్కనే సెకనుకు పాతిక, ముప్పై మీటర్ల వేగంతో తిరుగుతాయి. రవ్వ అక్కర్లేదు, సున్నం అక్కర్లేదు, నీళ్లు చాలు. రోజుల పని గంటల్లోకి వస్తుంది. మిగతా నలుగురినీ ఓనరు ఉంచుకుంటాడని నీకు ధైర్యం చెప్పలేను.

కానీ ఆ ఇద్దరిలో నువ్వుండాలి. ఏ ఫ్యాక్టరీకి పోయినా నేను అడిగేది ఒకటే: రాత్రి రెండు గంటలకు మిషన్ ఆగితే ఎవరికి ఫోన్ చేస్తారు? కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా ముందు ఇంటికి పోయింది పక్కన నిలబడి చూసేవాళ్లే. ఫోన్ వచ్చేవాడు పోవడం నేను చూడలేదు.

నీకు తెలిసింది తక్కువేం కాదు. బ్లాకును ట్రాలీ మీద కదలకుండా కూర్చోబెట్టడం నీకు తెలుసు. కోత చివరికొచ్చేసరికి పలకలు వదులై ఒరిగితే వైరు ఇరుక్కుని తెగుతుంది. అవి ఒరగకుండా చెక్కలు ఎక్కడ బిగించాలో మిషన్ కంపెనీ ఇంజనీరు కంటే నీ చేతికే బాగా తెలుసు. రాయిలో సన్న పగులుంటే కోత చప్పుడు మారుతుందని కూడా తెలుసు. క్వారీలో వైరు కోత చూసే ఉంటావు. రెండు కొసలూ కలిపే ముందు వైరును మెలి తిప్పుతారు. ఎందుకని ఎప్పుడైనా అడిగావా? మెలి ఉంటేనే కోతలో వైరు తన చుట్టూ తాను తిరుగుతూ పోతుంది, పూస అన్నివైపులా సమానంగా అరుగుతుంది. లేకపోతే ఒకవైపే అరిగి కోడిగుడ్డులా తయారవుతుంది, కోత మందగిస్తుంది. అరిగిన పూస మీద వేలు పెట్టి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

కొత్తగా నేర్చుకోవాల్సింది వైరు టెన్షన్. మన టెన్షన్ సంగతి తర్వాత చూసుకుందాం, ముందు దానిది. ప్రతి వైరుకీ విడిగా బిగువు ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, ఎంతుందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఒక వైరుది మిగతావాటితో పోలిస్తే మాటిమాటికీ పడిపోతుంటే అది రాబోయే తెగుడుకు కబురు.

మిషన్ బిగించడానికి కంపెనీ మనుషులు వచ్చి కొన్ని రోజులుంటారు. ఆ రోజుల్లో వాళ్ల పక్కనే తిరుగు. టీ తెచ్చివ్వాల్సి వస్తే తెచ్చివ్వు, నామోషీ ఏం లేదు. ఒక రెండొందల పేజీల పుస్తకం కొనుక్కో. ప్యానెల్ మీద ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు పడ్డప్పుడల్లా సెల్లుతో ఫొటో తీసుకో. ఏం జరిగింది, ఎవరు ఏం చేస్తే మళ్లీ తిరిగింది, తెలుగులో రాసుకో. మూడు నెలలకు నీ పుస్తకం కంపెనీ వాళ్లిచ్చిన మాన్యువల్ కంటే పనికొస్తుంది. మాన్యువల్‌లో మన లోవోల్టేజీ సంగతి ఉండదు కదా.

ఒకటి మాత్రం నన్ను చూసి చేయొద్దు. నేను బేరింగు చప్పుడు వినడానికి స్క్రూడ్రైవర్ కొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించేవాణ్ని. దాన్ని మించిన సెన్సర్ లేదని చాలా ఏళ్లు బడాయి పోయా. చివర్లో మా దగ్గర పెద్ద మోటార్లకు అదురు కొలిచే సెన్సర్లు పెట్టారు. ఒక రాత్రి సెల్లుకు మెసేజ్ వచ్చింది, నేను పోయి విని 'ఏం లేదు, బాగుంది' అన్నా. నాలుగో రోజు బేరింగు పట్టేసింది. అప్పటినుంచి రెండూ చూడమనే చెబుతున్నా.

ప్రశ్న: గురువుగారూ, నేను రొయ్యల ఫ్యాక్టరీలో ఒలిచే పని చేస్తాను. కిలోల లెక్కన డబ్బులిస్తారు. ఇప్పుడు సైజులు వేరు చేసే కొత్త మిషన్ పెట్టారు, ఒలిచే మిషన్ కూడా వస్తుందంటున్నారు. మాలాంటి వాళ్లు రెండొందల మంది దాకా ఉన్నాం. మా సంగతేంటి?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: అమ్మా, నాది రాళ్ల ఫ్యాక్టరీ, రొయ్యల ఫ్యాక్టరీ కాదు. మా ఆవిడ చెల్లెలు నెల్లూరు పక్క ఒక ప్లాంటులో చేసింది, ఆమె ద్వారా, రెండుసార్లు మోటార్లు చూడటానికి పోయినప్పుడూ తెలిసిందే చెబుతా.

సైజు వేరు చేసే మిషన్లలో పాత రకం రోలర్లది. వాలుగా పెట్టిన రోలర్ల మధ్య సందు పైన ఇరుకు, కిందికి పోయేకొద్దీ వెడల్పు. చిన్న రొయ్య ముందు జారిపడుతుంది, పెద్దది చివర. కొత్త రకం ఒక్కో రొయ్యనూ తూకం వేసి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలనే లెక్క) ప్రకారం తోస్తుంది. గ్రేడింగ్‌లో చేతి పని తగ్గుతుంది, అందులో సందేహం లేదు. ఒలిచే మిషన్ అంత తేలిగ్గా అన్నీ చేయలేదు. తోక ఉంచి ఒలిచేవి, పెంకు మెత్తబడిన సరుకు, ఇలాంటివాటికి చేతి పని మిగులుతుంది. మొత్తం ఒలిచి పంపే రకానికి మాత్రం మిషన్ గట్టి పోటీ. మీ ఫ్యాక్టరీలో ఏ రకం ఆర్డర్లు ఎక్కువో కనుక్కోండి, మీ రెండొందల మంది సంగతి సగం అక్కడే తేలిపోతుంది.

నాకు అంతకంటే పెద్దగా కనిపించేది తూకం. కిలోల లెక్కన డబ్బులంటే కాటా మీ అన్నం గిన్నె. కాటా కంప్యూటరుకు కలిపాక మీ పేరు మీద ఎన్ని కిలోలు పడిందో మీకు కనిపించకపోతే ఎలా? షిఫ్టు దిగేటప్పుడు చీటీ అడగండి, ఒక్కరే కాదు, పదిమంది కలిసి. ఖాళీ ట్రే పెట్టినప్పుడు కాటా సున్నా చూపిస్తుందో లేదో రోజూ చూడండి. మంచు నీళ్లలో వేళ్లు మొద్దుబారేలా ఒలిచిన రొయ్య ట్రే బరువు కింద కొట్టుకుపోకూడదు.

ఇంకోటి. మిషన్ దగ్గర నిలబడి పెంకు మిగిలినవి ఏరే పనికి ఎవరినైనా పెట్టాల్సిందే. ఆ పని ఎవరికిస్తారో అడగడానికి మిషన్ వచ్చేదాకా ఆగొద్దు. స్క్రీన్ నొక్కే పని కుర్రాళ్లదేనని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. సెల్లులో వాట్సాప్ వాడే ఏ చేయైనా ఆ స్క్రీన్ నొక్కగలదు. తడి గ్లవ్‌తో నొక్కితే మాత్రం పలకదు, అది మగవాళ్లకీ అంతే.

ప్రశ్న: మా వాడు పదో తరగతి పాసయ్యాడు. ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలల రోబోటిక్స్ కోర్సుకు 85,000 అడుగుతున్నారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: వద్దు. ఐటీఐలో ఎలక్ట్రీషియనో ఫిట్టరో రెండేళ్లు చదివించండి, తర్వాత అప్రెంటిస్‌షిప్. మెకట్రానిక్స్ ట్రేడు దొరికితే ఇంకా మంచిది. రోబో అంటే ఆకాశం నుంచి దిగింది కాదండీ. 1961లోనే అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీలో మొదటి రోబో చేయి పనికి దిగింది. ఇప్పటి రోబో లోపలా మోటార్లు, వైర్లు, స్విచ్చులే. మోటారు కనెక్షన్ ఇవ్వడం రానివాడికి రోబో ప్రోగ్రాం నేర్పితే ఏం లాభం?

అయినా మీకు ఆ ఇన్‌స్టిట్యూట్ మీద మనసుంటే, ఒకసారి పోయి ల్యాబ్ చూపించమనండి. మోటారుతో కలిపిన పీఎల్‌సీ (మిషన్లను నడిపే చిన్న కంప్యూటరు) ప్యానెల్ ఉందా, ఒక్కోదానికి ఎంతమంది పిల్లలు? గోడ మీద పోస్టర్లు, కంప్యూటర్లలో బొమ్మలు చూపిస్తే టీ తాగి వచ్చేయండి.

ప్రశ్న: సార్, నేను షిఫ్టు సూపర్‌వైజర్‌ని. లైన్ పాలిషర్ (పలకలకు మెరుగు పెట్టే మిషన్) గార్డు తలుపు తెరిస్తే మిషన్‌ను ఆపే డోర్ స్విచ్ వల్ల మిషన్ మాటిమాటికీ ఆగుతోంది. దాన్ని బైపాస్ చేయమని మేనేజరు ఒత్తిడి చేస్తున్నారు. ప్రొడక్షన్ పడిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు స్విచ్ మిషన్‌ను ఎందుకు ఆపుతోందో చూడు అబ్బాయా. నూటికి తొంభైసార్లు తలుపు కీలు వంగి ఉంటుంది, లేదా స్విచ్ మీద రాతి బురద గట్టిపడి ఉంటుంది. పలక ఆకారం చదివే సెన్సర్‌ది కూడా ఇదే రోగం. దాని కన్ను మీద బురద చింది ఎండితే, పలక లేనిచోట ఉందనుకుని పాలిష్ తలను దించుతుంది, మూల విరుగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి కంపెనీ ఇంజనీరుకు టికెట్టు డబ్బులిచ్చిన వాళ్లను ఎరుగుదును.

బైపాస్ మాత్రం చేయకు. మిషన్ కదిలే భాగాలకు కంచె ఉండాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాసిన మాట, కొత్త సంగతేం కాదు. మేనేజరును రాసిమ్మను. రాసివ్వడు.

లోపల చేయి పెట్టాల్సి వస్తే ఎమర్జెన్సీ బటన్ నొక్కి సరిపెట్టుకోకు, అది కరెంటు తీసేయడం కాదు. మెయిన్ ఆపి నీ తాళం వేసి, తాళంచెవి నీ జేబులో వేసుకో. డ్రైవ్ ప్యానెల్ (మోటారు వేగాన్ని నడిపే పెట్టె) తెరవాలంటే దాని మీద రాసినన్ని నిమిషాలు ఆగు, కరెంటు తీశాక కూడా లోపల కెపాసిటర్లలో చావుదెబ్బ కొట్టేంత ఉంటుంది.

నేనిదంతా పుస్తకం చూసి చెప్పడం లేదు. 2004లో ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి డోర్ స్విచ్‌కే జానెడు వైరు ముక్కతో జంపర్ వేసింది నేనే. వారం బాగానే నడిచింది. రోలర్ల మధ్య రాయి ముక్క ఇరుక్కుంటే తలుపు తీసి చేయి పెట్టా. అవతలి వైపున్న కుర్రాడికి నేను కనపడలేదు, స్టార్ట్ నొక్కాడు. ఎడమచేతి ఉంగరం వేలు పై కణుపు పోయింది. ఒంగోలు ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ షిఫ్టు లాగ్‌బుక్ తెరిచి చూశా. ఆ రోజు పేజీలో ఉన్నది ఒక్క లైను: 'పావుగంట బ్రేక్‌డౌన్, తర్వాత ప్రొడక్షన్ నార్మల్.'