అడవిని చదివే ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను బీఎస్సీ వృక్షశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు నల్లమలకు దగ్గర. అడవుల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తను కావాలని ఉంది. ఏం చదవాలి? ఆ ఉద్యోగంలో చేసే పని ఎలా ఉంటుంది? ఫారెస్ట్ ఆఫీసరు ఉద్యోగం, ఇది ఒకటేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఆత్మకూరు, నంద్యాల జిల్లా

జవాబు: ఒకటి కావు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు యూపీఎస్సీ పరీక్ష రాసి ఎంపికైన అధికారి అడవిని కాపాడతారు, నిర్వహిస్తారు. అడవిలో ఏ మార్పు వస్తోంది, ఎందుకు వస్తోంది అన్నది తేల్చడం శాస్త్రవేత్త పని. వృక్షశాస్త్రం చదివినవారికి రెండు దారులూ తెరిచే ఉంటాయి కాబట్టి, ఏ పని మీద మనసు ఉందో ముందుగా తేల్చుకోండి.

ఈ పని ఎలా ఉంటుందో తెలియడానికి తమిళనాడులోని ముదుమలై అడవిని చూడాలి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 1988లో అక్కడ 50 హెక్టార్ల స్థలాన్ని, అంటే కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న అడవిని గుర్తించి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ నంబరు బిళ్ళ తగిలించి కొలిచారు. అప్పటి నుంచి ఏ చెట్టు బతికింది, ఏది చచ్చింది, కొత్తగా ఏది లేచింది అన్నది ఏటా నమోదు చేస్తున్నారు. టేకు, నల్లమద్ది, చిరుమాను ఎక్కువగా ఉన్న ఆ ఆకురాల్చు అడవికి మన నల్లమలతో దగ్గరి పోలిక ఉంది. కార్చిచ్చు వచ్చిన ఏడాది సన్న కాండాలు ఎక్కువగా మాడిపోతాయి. వాటిలో చాలావరకు వేళ్ళలో ప్రాణం నిలుపుకొని మళ్ళీ చిగురిస్తాయి. ఒక్క ఏడాది వెళ్ళి చూసి వచ్చినవారికి అడవి నాశనమైనట్టే తోస్తుంది. ఏళ్ళ తరబడి రాసిన లెక్క చేతిలో ఉన్నవారికే అసలు సంగతి తెలుస్తుంది. ఈ వృత్తి మీద నాకు ఇంత గౌరవం ఉండటానికి కారణం ఈ ఓపికే.

కొలత విషయంలో పట్టింపు చాలా అవసరం. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే సుమారు ఛాతీ దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీస్తారు. వాలు నేల మీద చెట్టు ఉంటే ఎగువ వైపు నిలబడి ఆ ఎత్తు చూస్తారు. అక్కడ బుడిపె ఉంటే దాన్ని తప్పించి, కొలిచిన చోటును రంగుతో గుర్తుపెట్టి, తర్వాతిసారి సరిగ్గా అక్కడే కొలుస్తారు. చుట్టుకొలతలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే వ్యాసంలో 3 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. ఎండ అడవుల్లో చాలా చెట్లు ఏడాదికి అంత కూడా లావెక్కవు. పైగా మండు వేసవిలో నీరు తగ్గి కాండం కాస్త కుంచించుకుపోతుంది కనుక, జూన్‌కు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలిస్తే ఆ తేడాను పెరుగుదల అని పొరబడే ప్రమాదం ఉంది.

మీ నల్లమలలోనే తేలవలసిన ప్రశ్నలున్నాయి. చెట్లు పలచగా ఉండి కింద గడ్డి బాగా పెరిగిన చోటును చెడిపోయిన అడవి అనుకొని మొక్కలు నాటడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అలాంటి చోట్లలో కొన్ని మొదటి నుంచీ గడ్డి, చెట్టు కలిసి బతికే సవానాలే కావచ్చునని ఇటీవలి పరిశోధకులు గట్టిగా వాదిస్తున్నారు. ఏది ఏదో తేలకుండా నాటిన మొక్క మేలు చేయకపోగా, గడ్డిని నమ్ముకున్న జీవాలకు కీడు చేయవచ్చు. బయటి నుంచి వచ్చి అడవిలో అల్లుకుపోయే లాంటానా పొద పెరిగిన చోట మొలకలు ఎందుకు తగ్గుతున్నాయన్నది కూడా ఇలాంటి ప్రశ్నే.

చదువు సంగతికి వస్తే, డిగ్రీ తర్వాత వృక్షశాస్త్రంలోనో, పర్యావరణ శాస్త్రంలోనో, ఫారెస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేయవచ్చు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్సీబీఎస్) వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి అవకాశం ఉంది. పరిశోధన ఫెలోషిప్‌కు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష జీవశాస్త్రాల సిలబస్‌లో జీవావరణ శాస్త్రం ఒక భాగం. గేట్ ప్రవేశ పరీక్షలో దానికి విడిగా పేపరే ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, గణాంకశాస్త్రం ఒక ఎత్తు. లెక్కలంటే భయపడి జీవశాస్త్రంలోకి వచ్చినవారు ఇక్కడ ఇబ్బంది పడతారు కనుక, ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. దానితోపాటు మీ చుట్టుపక్కల చెట్లను ఆకు రాలిన కాలంలో కూడా బెరడును బట్టి గుర్తుపట్టడం నేర్చుకోండి. ఇందులో చెంచు పెద్దలను మించిన గురువులు మీకు దొరకరు. వారి దగ్గర నేర్చుకున్నది రాసేటప్పుడు వారి పేరు చెప్పడం కనీస మర్యాద. అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. అందువల్ల ఇప్పటికి ఊరి పొలిమేర చెట్లతో సాధన చేస్తే చాలు.

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ చేస్తూ ఏళ్ళపాటు అడవుల్లో తిరుగుతానంటోంది. జీతం సంగతి, భద్రత సంగతి ఏమిటి?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ ఆందోళన సహజమైనదే. నెట్ పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, దానికి తోడు ఇంటద్దె భత్యం ఉంటాయి. కేంద్ర అటవీ పరిశోధన మండలిలో సైంటిస్ట్-బి, అంటే తొలి స్థాయి శాస్త్రవేత్తగా చేరితే మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. హైదరాబాదు దూలపల్లిలో ఆ మండలికి జీవవైవిధ్య సంస్థ ఉంది. అయితే ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ పూర్తయ్యాక కొన్నేళ్ళు తాత్కాలిక ప్రాజెక్టుల మీద నెట్టుకురావలసి రావచ్చు. ఈ మాట దాచి అమ్మాయిని ప్రోత్సహించడం నాకు సమ్మతం కాదు.

భద్రతకు సంబంధించి ఒక సంగతి గమనించండి. అడవిలో ఒంటరిగా తిరగడం ఈ వృత్తిలో పద్ధతి కాదు. స్థానిక సహాయకుడో, అటవీ సిబ్బందో వెంట ఉంటారు. ఏనుగులున్న చోట పొద్దు వాలక ముందే క్యాంపు చేరతారు. పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థినులతో మాట్లాడమనండి. క్యాంపులో వసతి ఎలా ఉంది, ఫోన్ సిగ్నల్ ఎంత దూరంలో అందుతుంది, ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి వారు దాపరికం లేకుండా చెబుతారు. వీలైతే ఒకసారి మీరే వెళ్ళి చూసి రండి.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాను. ఈ రంగంలోకి రావడం సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సాధ్యమే. ఉపగ్రహ చిత్రాలతో అడవిని అంచనా వేయడం, అడవిలో ఉంచిన రికార్డర్ల శబ్దాల నుంచి పక్షులను గుర్తించడం వంటి పనులకు మీ నైపుణ్యం ఎంతో అవసరం. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి ‘భువన్’ పోర్టల్‌లో సమాచారం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టవచ్చు. అయితే చిత్రంలో పచ్చగా కనిపించేది లాంటానా పొదో, చిరుమాను కొమ్మో నేల మీద చూసినవారే తేల్చగలరు. అందుకని పెద్ద కోర్సులో చేరక ముందే ఏదైనా పరిశోధన బృందంతో ఒక వేసవి క్షేత్ర సహాయకుడిగా పనిచేసి చూడండి.