ముదిరిన నీటికాసులకు లేజర్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?

ప్రశ్న: మా బాపుకు 68 ఏళ్లు. నీటికాసులు (గ్లకోమా) బాగా ముదిరాయి. మూడు రకాల చుక్కలు వేస్తున్నా కుడికంటి ప్రెషర్ 38 దగ్గరే ఉంది. డయోడ్ లేజర్ చేయాలంటున్నారు. ఒక్కసారితో అయిపోతుందా? చూపు వస్తుందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: పోయిన చూపు రాదు. దెబ్బతిన్న కంటినరాన్ని ఏ లేజరూ బాగుచేయలేదు. కంట్లో నీరు ఊరే సీలియరీ బాడీని కొంతమేర కాల్చి, ఊట తగ్గించి ప్రెషర్ దించడమే ఈ చికిత్స. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నల్లగుడ్డు అంచుకు కాస్త వెనక, తెల్లగుడ్డు మీద లేజర్ ప్రోబ్ (పెన్నులాంటి పరికరం) ఆనిస్తారు. ఒక్కోచోట సుమారు 2 సెకన్లు, దాదాపు 20 చోట్ల. గడియారంలో 3, 9 అంకెలుండే వైపులు వదిలేస్తారు, అక్కడ నరాలు వెళ్తాయి. లోపల ‘టప్’మంటే పవర్ ఎక్కువైనట్టే, తగ్గిస్తారు.

ఫలితం తేలడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. లేజర్ అయింది కదా అని చుక్కలు మానేస్తారు చాలామంది, అది ప్రమాదం. డాక్టర్ చెప్పేదాకా ఒక్కటీ ఆపొద్దు. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు అదనం.

నెలలకో, ఏళ్లకో ప్రెషర్ మళ్లీ పెరగొచ్చు. రెండోసారి చేయించుకోవాల్సి రావడం మామూలే. అలాగని ఒకేసారి గట్టిగా కాలిస్తే ప్రెషర్ మరీ పడిపోయి కన్ను కుంచించుకుపోయే ముప్పుంది. మిగిలిన చూపు కొంత తగ్గే అవకాశమూ లేకపోలేదు. కుడికంట్లో ఇంకా ఎంత చూపుందో, ట్యూబ్ ఆపరేషన్ (నీరు బయటికి పోయేలా సన్నని గొట్టం అమర్చడం) కుదురుతుందో లేదో సంతకం పెట్టేముందే అడగండి. ఇది కుటుంబంలో వచ్చే అవకాశమున్న జబ్బు, కాబట్టి మీరూ, మీ తోబుట్టువులూ వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో మరోచోటో ప్రెషర్, కంటినరం చూపించుకోండి.