జ్వరం, దగ్గు లేకుండా కరోనా ముందుగా పక్షవాతంతోనే బయటపడుతుందా?

బయటపడుతుంది. మా మేనమామకు అట్లే బయటపడింది. నమ్మకపోతే నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు వచ్చి ఆయన్నే అడగండి, మాట కాస్త ముద్దగా వస్తుంది గానీ కథ మాత్రం ఏదీ వదలకుండా చెప్తాడు.

2021 ఎండాకాలం, రెండో వేవ్ నడుస్తోంది. మామ ఫోన్లో బత్తాయి తోట బేరం ఆడుతున్నాడు. ధర చెప్తుంటే నాలుక మడతపడింది. "పొద్దుగాలనే ఏసుకున్నవా పెద్దమనిషీ?" అని అవతలి వ్యాపారి ఫోన్ పెట్టేశాడు. అత్తమ్మ కూడా అదే అనుకుని తిట్లందుకుంది. తీరా చూస్తే మూతి ఎడమకు గుంజుకుపోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. దగ్గు లేదు, జ్వరం లేదు. ముందురోజు సాయంత్రం దాకా తోటలో పనిచేసి వచ్చిన మనిషి.

ఇక వాకిట్లో పంచాయితీ మొదలైంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఒళ్ళు, నరాలు బిగుసుకుపోయినయని ఒకాయన. మా దిక్కు ఇదొక అలవాటు. ఫ్లోరైడ్ మా వాళ్ళ ఎముకలు వంచింది, పళ్ళకు గార పట్టించింది, అదంతా నిజమే. కానీ ఒక్క పూటలో మూతి వంకర చేయదు కదా! మోకాళ్ళ నొప్పి నుంచి గ్యాస్ ట్రబుల్ దాకా అన్నీ దాని నెత్తినే వేస్తే ఎట్లా? ఇంకొకాయన పావురం రక్తం రుద్దమన్నాడు. పావురం కోసం మనిషిని పంపారు కూడా. నేను కారు తెచ్చేసరికి పొద్దెక్కింది.

నల్లగొండలో మొదట వెళ్ళిన చోట బెడ్లు లేవన్నారు. ఇంకోచోట తలకు సీటీ తీస్తే మెదడు నాళంలో రక్తం గడ్డ. అక్కడి డాక్టరమ్మ వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి, 91కి పడిపోయిందని చూసి, కరోనా టెస్ట్ కూడా రాసింది. పాజిటివ్. జ్వరం ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలట. ఎప్పుడు మొదలైందో ఫోన్లో ఆ కాల్ టైం చూసి చెప్పాం. గడువు దాటిపోయింది. పావురం మాత్రం దొరికిందట.

ఈ వైరస్ పని ఊపిరితిత్తులతో ఆగదు. రక్తనాళాల లోపలి పొరకు వాపు తెస్తుంది, రక్తం తొందరగా గడ్డకడుతుంది. 2020 ఏప్రిల్లోనే న్యూయార్క్ డాక్టర్లు యాభై ఏళ్ళలోపు ఐదుగురి గురించి రాశారు: మెదడుకు వెళ్ళే పెద్ద నాళాల్లో గడ్డలు, ఐదుగురికీ కరోనా. మామూలు ఫ్లూ వచ్చినా కొన్నాళ్ళపాటు పక్షవాతం ముప్పు ఎక్కువే. మామకు బీపీ ఉంది, బీడీలు సరేసరి, ఎప్పటికైనా వచ్చేదే అంటాడు మా తమ్ముడు. నేనొప్పుకోను. ఇన్నేళ్ళూ లేనిది సరిగ్గా ఆ వారమే ఎందుకొచ్చింది మరి?

అట్లని ప్రతి పక్షవాతానికీ కరోనా కారణం కాదు, ఎక్కువమందికి బీపీ, షుగరే. ఏ కారణమైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తేడా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమనండి. అంతకుముందు ఇంట్లో ఎవరికైనా జలుబో జ్వరమో వచ్చి ఉంటే, డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి.