నూట యాభై షేర్ల తాతయ్యని ఎవరు అడగాలి?

ప్రశ్న: మేడమ్, మాకు బిజినెస్ ఎథిక్స్ పేపర్లో హక్కుల సిద్ధాంతం ఒక యూనిట్, కార్పొరేట్ గవర్నెన్స్ వేరే యూనిట్. రెండూ బట్టీ పట్టాను గానీ ఒకదానితో ఒకటి ఎక్కడ అతుకుతుందో తెలియలేదు. ఇంకో సంగతి. మా తాతయ్యకి ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ షేర్లు 150 ఉండేవి. 2009లో డబ్బు పోయినందుకన్నా, “మనకి చెప్పేదెవరు, మనల్ని అడిగేదెవరు” అన్నదే ఆయనకి బాధ. ఇప్పుడు వేరే కంపెనీల షేర్లున్నా ఓటింగ్ మెయిల్స్ తెరవను కూడా తెరవరు. ఆయనకి ఏం చెప్పమంటారు?
– ఎం.కాం. విద్యార్థిని, తెనాలి

జవాబు: అమ్మా, నీ రెండు యూనిట్లూ ఎక్కడ కలుస్తాయో మీ తాతయ్యగారు ఎప్పుడో చెప్పేశారు. “మనల్ని అడిగేదెవరు” అన్నారు చూడు, సరిగ్గా అక్కడే.

మనిషిని మన అవసరానికి వాడుకునే పనిముట్టుగా మాత్రమే చూడకూడదన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్. కంపెనీలో షేరు కొన్న మనిషికీ అదే వర్తిస్తుంది. ఆయన పెట్టిన డబ్బు తీసుకుని, ఆయనకి అబద్ధపు లెక్కలు చూపిస్తే ఆయన్ని మనిషిగా చూడనట్టే. అయితే ఒకరికి హక్కు ఉందంటే ఇంకొకరి మీద బాధ్యత ఉండాలి. ఆ బాధ్యత ఎవరిది, ఎప్పటిలోగా తీర్చాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, తీర్చకపోతే ఎవరు నిలదీయాలి అన్నది తేల్చేదే గవర్నెన్స్. పరీక్షలో ఈ రెండు వాక్యాలూ నీ మాటల్లో రాయి, చాలు.

ఇప్పుడు మీ తాతయ్యగారి షేర్ల దగ్గరికి వద్దాం. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు సమావేశమైంది. మేటాస్ ప్రాపర్టీస్‌ని మొత్తంగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటానూ, కలిపి 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించారు. ఆ రెండు కంపెనీలూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబ సభ్యులు నడుపుతున్నవి. అప్పటికి సత్యంలో ఆ కుటుంబం వాటా పది శాతం కూడా లేదు. అంటే రూపాయిలో తొంభై పైసలు మీ తాతయ్యలాంటి వాళ్లవీ, ఫండ్లవీ. ఆ తొంభై పైసల వాళ్లని ఓటు అడగకుండానే నిర్ణయం జరిగిపోయింది. ఆ బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో సంబంధం లేని డైరెక్టర్లు, లేక కాదు. కేబినెట్ సెక్రటరీగా చేసినాయన ఉన్నారు, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టాక గంటల్లోనే ఆ డీల్ రద్దయింది.

ఆ తర్వాత 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఆయనే రాశారు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు చూపించడానికి మేటాస్ డీల్ చివరి ప్రయత్నమని కూడా రాశారు. ముందురోజు 180 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడింది.

“ముందే నిజం చెప్పి ఉంటే యాభై వేల మంది ఉద్యోగాలు పోయేవి కదా” అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఎక్కువమందికి మేలు జరుగుతుందా అన్న లెక్క అది. అమెరికా న్యాయ తత్వవేత్త రొనాల్డ్ డ్వార్కిన్ దీనికి పేకాట భాషలో జవాబిచ్చాడు. హక్కు తురుపు ముక్కలాంటిది, అందరి మేలు అనే లెక్కని కూడా అది కొట్టగలదు అని. నేను ఆయన పక్షమే. తన డబ్బు ఏమైందో మీ తాతయ్యగారు నిజం తెలుసుకునే హక్కుని, ఆయన్ని అడగకుండా, ఆయన మంచికోసమే అని చెప్పి ఇంకొకరు వదులుకోకూడదు.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన విషయం కాదు. ఎన్నో ఏళ్ల కిందట ఒక కంపెనీలో సెక్రటరీగా ఉన్నాను. ఒక బోర్డు మీటింగ్‌లో, అజెండాలో లేని కాగితం ఒకటి ‘టేబుల్ ఐటెమ్’గా అప్పటికప్పుడు పంచారు. ఒక గోడౌన్ అద్దెకు తీసుకోవడం గురించి. బ్యాంకులో పనిచేసి రిటైరైన డైరెక్టర్ ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఈ గోడౌన్ ఎవరిదండీ?” అని అడిగారు. ఎవరూ పలకలేదు. టీ కప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఛైర్మన్‌గారు, “మా బావమరిదిదే లెండి, మార్కెట్ రేటే” అన్నారు. ఆ డైరెక్టర్ తనకి సమ్మతం కాదన్నారు. మిగతావాళ్లు సరేనన్నారు.

మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే మినిట్స్ డ్రాఫ్ట్‌లో ఆ ప్రశ్న, ఆ అసమ్మతి రెండూ రాశాను. ఆకుపచ్చ సిరాతో ఆ నాలుగు లైన్లూ కొట్టేసి వెనక్కి వచ్చింది. నేను తీసేశాను. తర్వాతి మీటింగ్‌లో ఆ డైరెక్టర్ మినిట్స్ రెండుసార్లు చదివి, నా వైపు చూసి, “నేనడిగింది ఏదమ్మా?” అన్నారు. అంతే అన్నారు. ఆయన పట్టుబట్టాక ఆ లైన్లు మళ్లీ చేర్చాం. కానీ ఆ రోజు నేను కొట్టేసింది ఒక్క ఆయన మాట కాదు. ఆ గదిలో లేని వాటాదారులందరి తరఫునా అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

మీ తాతయ్యగారి కోపం న్యాయమైనదని ముందు ఆయనకి చెప్పు. అమెరికా మార్కెట్లో సత్యం షేర్లు కొన్నవాళ్లు అక్కడ అందరూ కలిసి కేసు వేస్తే 2011లో 12.5 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీకి వచ్చింది. ఇక్కడివాళ్లకి అప్పటి మన కంపెనీల చట్టంలో అలాంటి దారే లేదు. నష్టం ఒకటే, కంపెనీ ఒకటే, హక్కు మాత్రం ఒకటి కాదు. 2013 చట్టంలో 245వ సెక్షన్ ద్వారా వాటాదారులు కలిసి ట్రిబ్యునల్‌కి వెళ్లే వీలు వచ్చింది. ఆలస్యంగానైనా వచ్చింది.

ఇక ఆ మెయిల్స్. అన్నీ చదవమనకు, విసుగొస్తుంది. ‘రిలేటెడ్ పార్టీ’ అన్న మాట ఎక్కడుందో చూడమను. లిస్టెడ్ కంపెనీ (స్టాక్ మార్కెట్లో షేర్లున్న కంపెనీ) తన ప్రమోటర్ల, అంటే దాన్ని పెట్టి నడిపేవాళ్ల, సొంత మనుషులతో పెద్ద లావాదేవీ పెట్టుకోవాలంటే ఇప్పుడు వాటాదారుల ఆమోదం కావాలి, ఆ సంబంధం ఉన్నవాళ్లు దానికి అనుకూలంగా ఓటు వేయకూడదు. ప్రమోటర్ల ఓట్లు పక్కకు తప్పుకున్నాక మీ తాతయ్యగారి 150 బరువు పెరుగుతుంది. తీర్మానం కింద వివరణ ఇస్తారు: ఎవరితో, ఎంతకి, ఎందుకు అని. నువ్వు పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పు. ఓటు ఫోన్లోనే వేయొచ్చు. అటో ఇటో ఆయన్నే తేల్చుకోనీ.

ప్రశ్న: నేను ఒక లిస్టెడ్ కంపెనీ కొనుగోళ్ల విభాగంలో చేస్తున్నాను. రాని సరుకుకి బిల్లులు పాసవుతున్నాయి. చెబుదామంటే మా ఇంట్లో “తిన్నింటి వాసాలు లెక్కపెడతావా” అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బాబూ, ఆ ఇల్లు మీ మేనేజర్‌ది కాదు. పై ప్రశ్నలోని తాతయ్యలాంటి వేలమందిది. వాసాలు పీకుతున్నది ఎవరో చెప్పడం ద్రోహం ఎలా అవుతుంది?

లిస్టెడ్ కంపెనీలో ఇలాంటి ఫిర్యాదులకి ఒక ఏర్పాటు ఉండి తీరాలి. కంపెనీల చట్టంలో దాని పేరు విజిల్ మెకానిజం, 177వ సెక్షన్. ఫిర్యాదు చేసినవాళ్లని వేధించకుండా రక్షణ ఉండాలనీ, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ (లెక్కల మీద కన్నేసి ఉంచే బోర్డు కమిటీ) ఛైర్మన్‌కే చెప్పుకోవచ్చనీ అందులో ఉంది. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ పాలసీ, అడ్రసు దొరుకుతాయి.

సత్యం విషయంలో కూడా 2008 డిసెంబరులో ఒక ఆకాశరామన్న ఈమెయిల్ బోర్డులోని ఒక డైరెక్టర్‌కి వెళ్లింది. పేరు లేకపోయినా రాయొచ్చు, కానీ పేరు పెడితే వాళ్లు మిమ్మల్ని మళ్లీ అడిగి తెలుసుకోగలరు. బిల్లు నంబరు, తేదీ, గేటు రిజిస్టర్‌లో ఆ రోజు ఆ లారీ ఎంట్రీ ఉందా లేదా, ఇవే రాయండి. “ఫలానా ఆయన తింటున్నాడు” అని మాత్రం రాయకండి, అది విచారణలో తేలాల్సింది. కంపెనీ ఫైళ్లు మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, తిరిగి మీ మీదే కేసు పెడతారు. పంపిన ఫిర్యాదు కాపీ ఒకటి తేదీతో సహా ఇంట్లో దాచండి. పంపేముందు ఇంట్లోవాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఆ తర్వాత కొన్ని నెలలు ఆఫీసులో మీతో మాట్లాడేవాళ్లు తగ్గుతారు, అప్పుడు ఇంట్లో మనుషులు కావాలి.