కొత్తవాళ్ల కోసం జెడ్80 బోర్డు: ముందు ఖాళీ బోర్డు నడవాలి

"పాతకాలపు బస్ కంప్యూటర్‌కి (బోర్డులన్నీ ఒకే తీగల వరుసకి గుచ్చే రకం), కొత్తవాళ్లు సొంతంగా సోల్డర్ చేసుకునే జెడ్80 బోర్డు డిజైన్ చేస్తున్నాను. మెమరీ, సీరియల్ పోర్టు అన్నీ దాని మీదే పెట్టేయాలా?" అని అడిగారు. పెట్టినా పెట్టకపోయినా, మెమరీ చిప్పులు గుచ్చకముందే జెడ్80 ప్రాసెసర్ నడుస్తోందో లేదో కంటికి కనపడాలి. నేను మొదటి బోర్డులో ఆ పని చేయక రెండు వారాలు తల పట్టుకున్నాను.

ఆ బోర్డు వింతగా ఉండేది. చెయ్యి దగ్గరికి తెస్తే నడిచేది, తీస్తే ఆగిపోయేది. రోమ్ మార్చాను, ర్యామ్ మార్చాను, సోల్డరింగ్ అంతా మళ్లీ చేశాను. చివరికి చూస్తే ప్రాసెసర్ 25వ పిన్ను, అంటే బస్‌రిక్వెస్ట్, దేనికీ కలపకుండా గాల్లో వదిలేశాను. ఇంకెవరో బస్ అడుగుతున్నారనుకుని ప్రాసెసర్ లైన్లన్నీ వదిలేసి కూర్చునేది! ఒక్క 10 కిలో ఓమ్ రెసిస్టర్‌తో దాన్ని 5 వోల్టులకు కట్టేసరికి కుదురుకుంది. ప్రాసెసర్‌ని ఆగమనే వెయిట్, పని మధ్యలో పిలిచే ఇంటరప్ట్, ఎన్ఎంఐ పిన్నులకూ ఇదే మందు. వీటిని వాడేవాళ్ల ఇష్టానికి వదలకండి, బోర్డు మీదే పెట్టేయండి.

ఇప్పుడు నా బోర్డులన్నిటి మీదా ఎనిమిది డేటా లైన్లకూ గ్రౌండ్ వైపు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు ఉంటాయి. మెమరీ సాకెట్లు ఖాళీగా ఉంటే ప్రాసెసర్‌కి ఎక్కడ చదివినా సున్నాలే కనిపిస్తాయి. జెడ్80కి సున్నా అంటే నాప్, ఏమీ చేయకుండా ముందుకు పో అని. అలా అడ్రసులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. అడ్రసు లైన్లలో అన్నిటికన్నా పైదైన ఎ15 లైనుకి బఫర్ (లైను మీద భారం పడకుండా మధ్యలో పెట్టే చిప్) ద్వారా ఒక ఎల్ఈడీ పెట్టండి. నేను క్లాక్ కోసం 7.3728 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ వాడి, జంపర్ మారిస్తే 8తో భాగించిన క్లాక్ వచ్చేలా పెట్టాను. అప్పుడా ఎల్ఈడీ సెకనుకి దాదాపు మూడున్నర సార్లు మినుకుమంటుంది. అది చూశాకే రోమ్ గుచ్చమని చెప్తాను. కొత్తవాళ్లకి సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఆ ఆసిలేటర్ ఊరికే ఎంచుకున్నది కాదు. 6850 సీరియల్ చిప్ దాన్ని 64తో భాగిస్తే సీరియల్ పోర్టుకి సరిగ్గా 115200 బాడ్ వేగం వస్తుంది. ప్రాసెసర్ మాత్రం 8 మెగాహెర్ట్జ్ లేదా అంతకన్నా పై సీమాస్ (CMOS) రకం కావాలి. క్లాక్ పిన్నుకి దాదాపు పూర్తి 5 వోల్టులు అందాలి. పాత 74ఎల్ఎస్ రకం గేటు చిప్‌తో నడిపితే ఒక 330 ఓమ్ పుల్‌అప్ (5 వోల్టులకు కట్టే రెసిస్టర్) తగిలించండి.

మెమరీ తేలిక. కింది 32 కిలోబైట్లు రోమ్, పైవి ర్యామ్. ఏది పలకాలో ఎ15 తేలుస్తుంది. రీసెట్ అయ్యాక జెడ్80 సున్నా అడ్రసు నుంచే మొదలెడుతుంది కాబట్టి రోమ్ కిందే ఉండాలి.

చిప్పుల గాట్లన్నీ (ఒకటో పిన్ను ఎటో చూపే గుర్తులు) ఒకే వైపు తిప్పి పెట్టండి. దీనివల్ల ట్రాకులు కాస్త వంకర తిరిగినా ఫరవాలేదు; జెడ్80లో డేటా పిన్నులు ఎలాగూ వరుసలో ఉండవు.

ఇంతకీ మీది ఏ బస్సో చెప్పలేదు. 1975 నాటి ఆల్టెయిర్ 8800 తెచ్చిన ఎస్-100 అయితే మాత్రం జాగ్రత్త. దాని మీద వచ్చేది 5 వోల్టులు కాదు, రెగ్యులేట్ చేయని సుమారు 8 వోల్టులు. బోర్డు మీద దాన్ని 5 వోల్టులకు తగ్గించే 7805 రెగ్యులేటర్ పెట్టి, చిప్పులు గుచ్చే ముందు ఖాళీ ప్రాసెసర్ సాకెట్లో 11, 29 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి 5 వోల్టులు చూసుకోమని బోర్డు మీదే అచ్చు వేయించండి.