286 కొట్టినా ఆరో స్థానమేనా?

2025 డిసెంబరులో ఐపీఎల్ మినీ వేలం ముగిసింది, అప్పటికి కొత్త సీజన్‌కి ఇంకా టైముంది. మైదానంలో ఆట లేనప్పుడే అభిమానికి మాటలెక్కువ. ఈసారి ఉత్తరాలు చాలావరకు సన్‌రైజర్స్ మీదే. కబడ్డీ వాళ్లు మాత్రం చాన్నాళ్ల తర్వాత హుషారుగా రాశారు.

ప్రశ్న: 2025లో మనవాళ్లు ఒకసారి 286, ఒకసారి 278 కొట్టారు. పంజాబ్ మీద 246 ఛేదించారు. అయినా ప్లేఆఫ్స్ లేవు. టైమ్ బాగోలేదనుకోవాలా? (ఉప్పల్ నుంచి ఓ అభిమాని)

జవాబు: టైమ్ మీదికి నెట్టకండి. 286 కొట్టినా రెండు పాయింట్లే, 140 కొట్టి గెలిచినా రెండు పాయింట్లే. 14 ఆటల్లో 6 గెలుపులు, 7 ఓటములు, వాన తీసుకెళ్లిన ఆట ఒకటి. మొత్తం 13 పాయింట్లు. నాలుగో స్థానంలో ఉన్న ముంబయికి 16.

రాజస్థాన్ మీద 286 చేశాక వరుసగా నాలుగు ఓడిపోయారు. లక్నో మీద 190 చేస్తే వాళ్లు 16.1 ఓవర్లకే ముగించారు. అందులో పూరన్ ఒక్కడే 26 బంతుల్లో 70 బాదాడు. విశాఖలో ఢిల్లీ మీద 163కి ఆలౌట్, స్టార్క్‌కి 5 వికెట్లు. ఈడెన్‌లో 120కి ఆలౌట్. తిరిగి ఉప్పల్‌కి వస్తే గుజరాత్ మీద 152. ఆ రోజు 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి మనల్ని కూలగొట్టింది మన హైదరాబాద్ కుర్రాడు సిరాజే. సొంత ఊళ్లో ఆడిన ఆరు ఆటల్లో గెలిచింది రెండే. మూడు ఓడారు, ఒకటి వాన పాలైంది.

బంతి నేరుగా బ్యాట్ మీదికి వచ్చే పిచ్‌పై మొదటి బంతి నుంచీ ఊపడం తప్పేమీ కాదు. హెడ్, అభిషేక్ చేసేది అదే. ఆగి వచ్చే పిచ్‌పై అదే ఊపు గాల్లోకి లేచి ఫీల్డర్ చేతుల్లో పడుతుంది. ఉప్పల్‌లో ముంబయి మీద 35 పరుగులకే 5 వికెట్లు పడ్డాయి. ఆ రోజు క్లాసెన్ 71 చేయకపోతే మూడంకెలు కూడా కష్టమయ్యేది. పిచ్ చూసి మొదటి మూడు ఓవర్లలోనే "ఇవాళ 170 చాలు" అనుకునే అలవాటు ఈ జట్టుకు లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 120 కోట్ల పర్సులో (ఆటగాళ్ల మీద పెట్టడానికి జట్టుకున్న మొత్తం) క్లాసెన్‌కు 23, హెడ్‌కు 14, అభిషేక్‌కు 14, ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు పెట్టారు. నలుగురు బ్యాటర్లకే 62.25 కోట్లు, అంటే పర్సులో సగం దాటింది. పేసర్ల మీదా ఖర్చు పెట్టారు, కాదనను. కమిన్స్‌కు 18, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8. అచ్చంగా స్పిన్నర్లనదగ్గ ముగ్గురు జంపా, రాహుల్ చాహర్, జీషాన్ అన్సారీ. వాళ్ల మీద పెట్టింది 2.40, 3.20, 0.40 కోట్లు. మొత్తం కలిపితే ఆరు కోట్లు! జంపా రెండు ఆటలకే గాయంతో వెళ్లిపోయాడు. ఏడో ఓవర్ నుంచి పదిహేనో ఓవర్ దాకా అవతలివాళ్లను కట్టిపడేసే మనిషి లేకుండా పోయాడు. షమీ 9 ఆటల్లో 6 వికెట్లే తీశాడు. 2024 జట్టులోని భువనేశ్వర్, నటరాజన్ చెరో 10.75 కోట్లకు బెంగళూరు, ఢిల్లీ జట్లకు వెళ్లిపోయారు. అదే భువనేశ్వర్ ఆ ఏడాది బెంగళూరుతో కప్పు ఎత్తాడు.

ఇప్పటికైనా మారారా అంటే నాకు నమ్మకం తక్కువే. షమీని లక్నోకి పంపారు, జంపా, చాహర్‌లను వదిలేశారు. చేతిలో 25.5 కోట్లు పెట్టుకుని అబుదాబి వేలానికి వెళ్లి, అందులో 13 కోట్లు లివింగ్‌స్టన్‌కు పోశారు. అతను కాస్త స్పిన్ వేస్తాడు నిజమే గానీ, ఆ ధర పలికింది అతని సిక్సర్లకు.

ప్రశ్న: నెట్ రన్‌రేట్ ఎలా కడతారు? మా వాట్సాప్ గ్రూపులో ఎవరి లెక్క వాళ్లదే. (ఖమ్మం)

జవాబు: మనం చేసిన పరుగుల్ని మనం ఆడిన ఓవర్లతో భాగించండి. ఇచ్చిన పరుగుల్ని వేసిన ఓవర్లతో భాగించండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే అదే నెట్ రన్‌రేట్. గ్రూపుల్లో గొడవలకు కారణం మూడు పొరపాట్లు.

మొదటిది, ఆలౌటైన జట్టుకు ఆడిన ఓవర్లే లెక్కేస్తారు. నిజానికి పూర్తి 20 ఓవర్లూ లెక్కేయాలి. ఈడెన్‌లో మనం 16.4 ఓవర్లలో 120కి ఆలౌట్. 16.4తో భాగిస్తే ఓవర్‌కు 7.2 వస్తుంది. లెక్కలో అది చెల్లదు, 120ని 20తో భాగించి 6.0 అనాలి. కోల్‌కతా 20 ఓవర్లలో చేసింది 200, అంటే 10. తేడా మైనస్ 4.0. ఆలౌట్ కావడం వల్ల ఆ ఒక్క ఆటలోనే 1.2 అదనంగా పోయింది. అందుకే ఓడిపోయే ఆటలో కూడా పదో వికెట్‌ను కాపాడుకుని చివరి బంతి దాకా లాగడంలో లాభం ఉంటుంది.

రెండోది, 9.4 ఓవర్లంటే తొమ్మిది ఓవర్ల నాలుగు బంతులు, అంటే 9.667. కాలిక్యులేటర్‌లో 9.4 అని కొట్టేస్తారు, అక్కడే తప్పుతుంది. 2024లో ఉప్పల్‌లో లక్నో 165 చేస్తే హెడ్, అభిషేక్ వికెట్ పడకుండా 9.4 ఓవర్లలో 167 కొట్టారు. 167ని 9.667తో భాగిస్తే 17.28. లక్నోది 8.25. తేడా దాదాపు 9.03. అదే 2025లో కోల్‌కతా మీద 278 కొట్టి, వాళ్లను 168కి ఆలౌట్ చేసి, 110 పరుగులతో గెలిస్తే తేడా 5.5 మాత్రమే. ఒక్క ఆట వరకే చూస్తే, వేగంగా ముగించిన ఛేదనలోనే తేడా పెద్దగా కనిపిస్తుంది.

మూడోది, ఒక్కో ఆట తేడాను కలిపి సగటు తీయకూడదు. సీజన్ మొత్తం పరుగులు ఒకచోట, మొత్తం ఓవర్లు ఒకచోట వేసి చివర్లో ఒకేసారి భాగించాలి.

ప్రశ్న: క్లాసెన్‌కు 23 కోట్లిచ్చి మన నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లేనా? తెలుగువాడనే చులకనా? (గాజువాక)

జవాబు: చులకన కాదండీ, అంకగణితం. 2025 మెగా వేలానికి ముందు అంతర్జాతీయ ఆటగాళ్లు ఐదుగుర్ని అట్టిపెట్టుకుంటే బోర్డు పర్సులోంచి కోసే మొత్తం వరుసగా 18, 14, 11, 18, 14 కోట్లు. కూడితే 75. ఆ 75ను ఐదుగురికీ ఎలా పంచుకుంటారన్నది జట్టు ఇష్టం. సన్‌రైజర్స్ 23, 18, 14, 14, 6గా పంచింది. కూడి చూడండి, సరిగ్గా 75. క్లాసెన్‌కు పెంచిన ఐదు కోట్లు ఎవరి వాటాలోంచో తగ్గాలి కదా. అంతకుముందు నితీశ్ ధర 20 లక్షలు. ముప్పై రెట్లయింది. వేలంలోకి వెళ్లి ఉంటే ఇంకా ఎక్కువ పలికేవాడేమో అనిపించడం సహజమే.

ప్రశ్న: ఇంపాక్ట్ ప్లేయర్‌గా (ఆట మధ్యలో ఒకరి బదులు దిగేవాడిగా) ఐదో విదేశీయుణ్ని దించొచ్చుగా? (నిజామాబాద్)

జవాబు: పదకొండు మందిలో నలుగురు విదేశీయులుంటే కుదరదు, వచ్చేవాడు భారతీయుడే కావాలి. ముగ్గురితో మొదలుపెడితే ఒక విదేశీయుణ్ని దించొచ్చు. టాస్ దగ్గర ఐదుగురి పేర్లు ఇస్తారు, అందులోంచి ఒక్కరే.

ప్రశ్న: తెలుగు టైటాన్స్ నిజంగానే మారిందా, లేక ఒక్క సీజన్ మెరుపేనా? (తెనాలి)

జవాబు: ఎక్కడి నుంచి లేచారో ముందు చూడండి. ప్రో కబడ్డీ 8, 9, 10 సీజన్లు మూడూ కలిపి 66 ఆటలాడితే 5 గెలిచారు. పదో సీజన్‌లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటికి అది లీగ్ రికార్డు. గెలిచింది రెండు ఆటలు. అద్భుతమైన రైడర్ (కూతకు వెళ్లేవాడు), అందులో అనుమానం లేదు. అయితే కబడ్డీలో ఒక్క రైడర్‌ను ఖాళీగా కూర్చోబెట్టడం అంత కష్టమేమీ కాదు. అతణ్ని పట్టేస్తే చాలు. మనవాళ్లు అవతలి రైడర్‌ను పట్టో, కూతలో ఒకర్ని తాకో ఔట్ చేస్తేనే అతను కోర్టులోకి తిరిగొస్తాడు. పట్టే డిఫెన్స్ లేకపోతే రెండున్నర కోట్లు బెంచీ మీదే. క్రికెట్ జవాబులో చెప్పిన జబ్బే ఇక్కడా కనిపిస్తుంది. కొట్టేవాడికి కోట్లు, ఆపేవాడికి చిల్లర.

11వ సీజన్‌లో 22 ఆటల్లో 12 గెలిచి కూడా ప్లేఆఫ్స్ తప్పిపోయారు. 12వ సీజన్‌లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. విజయ్ మలిక్ కెప్టెన్సీలో, భరత్ హుడా తోడుగా, కూత బాధ్యతను ఇద్దరు పంచుకున్నారు. విశాఖలో తొలి ఆట తలైవాస్ చేతిలో 35-38తో ఓడినా, ప్లేఆఫ్స్‌లో బెంగళూరును, పట్నాను దాటి రెండో క్వాలిఫయర్ (ఫైనల్‌కు ఒక్క మెట్టు ముందు) దాకా వెళ్లారు. అక్కడ పుణెరి పల్టన్ చేతిలో 45-50తో ఆగారు. ఆ స్కోరునే జాగ్రత్తగా చదవండి. 45 పాయింట్లు తెచ్చిన జట్టు ఓడకూడదు. ఇచ్చిన 50 దగ్గరే ఉంది లోపం.

వచ్చే సీజన్ టీవీలో చూసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. మనవైపు ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింట్ అదనం. ఆ స్థితిలో కవర్ డిఫెండర్ తొందరపడి డాష్‌కు (రైడర్‌ను ఒంటితో గుద్ది బయటికి నెట్టడానికి) దూకుతున్నాడా, కార్నర్‌లో (అంచున) ఉన్న డిఫెండర్ రైడర్ కాలు అందేదాకా ఆగుతున్నాడా? తొందరపడితే ఆలౌట్, అవతలికి మరో రెండు పాయింట్లు. రెండోది డూ ఆర్ డై. వరుసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదా ఔట్. ఆ మూడో కూతకు ఎవర్ని పంపుతున్నారో చూడండి. ప్రతిసారీ ప్రధాన రైడరే వెళ్తున్నాడంటే పాత జబ్బు తిరగబెట్టినట్టే.

ఇంకో సంగతి. ఇదివరకు గెలిస్తే 5 పాయింట్లు, ఏడు లేదా అంతకు తక్కువ తేడాతో ఓడితే 1 ఇచ్చేవాళ్లు. 12వ సీజన్ నుంచి గెలిస్తే 2, ఓడితే సున్నా. లీగ్ దశలో సమమైతే టైబ్రేకర్. కాబట్టి "కొద్దిలో ఓడాం, ఒక పాయింట్ వచ్చిందిలే" అనే ఓదార్పు ఇక లేదు.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ కొనుక్కున్నాను. ఇప్పుడేం చేయాలి? (గచ్చిబౌలి)

జవాబు: దాచుకోండి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచిన జట్టు అది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రెండేళ్లకే జీతాలు ఆగాయి, విదేశీ ఆటగాళ్లు ఒప్పందాలు తెంచుకుని వెళ్లిపోయారు, బకాయిల వల్ల ఫిఫా కొత్తవాళ్ల నమోదును ఆపేసింది. జట్టులో అనుభవం లేని కుర్రాళ్లే మిగిలారు. 2023-24లో 22 ఆటల్లో గెలిచింది ఒకటి. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అన్నట్టు, 2019లో ఈ క్లబ్ మనకు వచ్చింది కూడా పుణె సిటీ స్థానంలోనే. అప్పుడు అక్కడి అభిమానులు పడిన బాధే ఇప్పుడు మన వంతుకొచ్చింది.

ఫుట్‌బాల్ మీద మమకారం పోకపోతే శ్రీనిధి దక్కన్ ఉంది. 2022-23, 2023-24 రెండేళ్లూ ఐఎస్‌ఎల్ కింది మెట్టు లీగ్ అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం. వాళ్ల మైదానం దక్కన్ ఎరీనా, అజీజ్‌నగర్‌లో.

ప్రశ్న: పేరులో మాత్రం హైదరాబాద్, ఆట మాత్రం ఎక్కడో. ఇదేం న్యాయం? (సికింద్రాబాద్)

జవాబు: మీరు హాకీ లీగ్ జట్టు హైదరాబాద్ తూఫాన్స్ గురించే అంటున్నట్టుంది. 2025 ఫిబ్రవరిలో ఫైనల్‌లో బెంగాల్ టైగర్స్‌తో 3-4తో ఓడిన జట్టు, ఆడిందంతా రూర్కెలా, రాంచీల్లో. టైటాన్స్ కూడా 12వ సీజన్‌లో హైదరాబాద్‌కు రాలేదు. ఊరూరా తిరిగితే ప్రయాణం, హోటళ్లు, మ్యాట్ పరచడం, కెమెరాలు అమర్చడం ప్రతిచోటా కొత్తగా మొదలుపెట్టాలి. నాలుగు ఊళ్లలోనే నడిపితే ఖర్చు తగ్గుతుంది. లీగ్‌కు లాభం సరే. అభిమానికి మిగిలేది టీవీ. నా దృష్టిలో ఇది పొరపాటు, గ్యాలరీలోంచి ఆట చూడని పిల్లాడు పదేళ్ల తర్వాత టికెట్ కొనడు.

ప్రశ్న: విశాఖలో ఢిల్లీ క్యాపిటల్స్ సొంత ఆటలేంటి? మేం ఎవరికి కేకలు వేయాలి? (మధురవాడ)

జవాబు: జట్లు రెండో సొంత మైదానం ఎంచుకోవచ్చు. రాజస్థాన్ గువాహటిని, పంజాబ్ ధర్మశాలను ఎంచుకున్నట్టే ఢిల్లీ 2024, 2025ల్లో విశాఖను ఎంచుకుంది. ఆ జట్టులో జీఎంఆర్ భాగస్వామి, అదీ మన వైపు వాళ్లే. 2025 మార్చి 30న సన్‌రైజర్స్ అక్కడ బయటి జట్టుగా ఆడి ఓడింది. కేకలు మీ ఇష్టం, టికెట్ డబ్బులు మీవేగా!

ప్రశ్న: ఉప్పల్‌లో తొలిసారి మ్యాచ్ చూడబోతున్నాను. ఏం జాగ్రత్తలు? (సిద్దిపేట)

జవాబు: బండి వద్దు. మెట్రోలో నాగోలు-రాయదుర్గం లైన్‌లో "స్టేడియం" అనే స్టేషనే ఉంది. ఏడున్నర ఆటకు ఆరింటికల్లా గేటు దగ్గరుండండి, ఏడు దాటితే క్యూలో టాస్ పోతుంది. గేటు నంబరు టికెట్ మీదే ఉంటుంది. తప్పు గేటుకు వెళ్తే స్టేడియం చుట్టూ సగం నడవాలి. పవర్ బ్యాంకు, నీళ్ల సీసా, బ్యాగు, హెల్మెట్ లోపలికి రానివ్వరు. బయట దాచుకునే చోటు దొరుకుతుందని నమ్ముకోకండి. తిరుగు ప్రయాణానికి మెట్రో కార్డులో ముందే డబ్బులు వేసుకోండి, ఆట అయ్యాక టికెట్ కౌంటర్ దగ్గర ఇసకేస్తే రాలదు. ఫోన్‌లో ఎవరో పంపిన టికెట్ ఫొటోకు డబ్బులివ్వకండి. ఒకే బార్‌కోడ్‌ను పదిమందికి అమ్ముతారు, గేటు దగ్గర మొదట స్కాన్ చేసినవాడే లోపలికి.